ముందు మాటలు నేర్చుకోండి.. బటన్ల సంగతి తర్వాత!

ఇంజినీరింగ్ అయిపోయి ఏడాది దాటాక నా మొదటి వీడియో ఎడిటర్ ఇంటర్వ్యూకి వెళ్లా. బ్రాంచి ఈసీఈ. క్యాంపస్‌లో ఏమీ రాలేదు. ఎడిటింగ్ అంటే మాత్రం పిచ్చి ఇష్టం. కాలేజీ ఫెస్టు వీడియోలన్నీ నా చేతుల మీదుగానే వెళ్లేవి. ఆ ధైర్యంతోనే, నాన్న చిట్టీ పాడి ఇచ్చిన 35 వేలు పెట్టి అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేశా. రెజ్యూమేలో ఆరు సాఫ్ట్‌వేర్ల పేర్లు వరసగా రాసి, పక్కన స్టార్లు కూడా వేసుకున్నా. ఒకదానికైతే ఐదుకి ఐదు!

ఇంటర్వ్యూ చేసినాయన ఆ కాగితం పక్కన పెట్టి ఒక పెన్‌డ్రైవ్ చేతికిచ్చారు. అందులో ఫోన్‌తో తీసిన పదిహేను నిమిషాల వీడియో ఒకటి, విడిగా మైక్‌తో రికార్డు చేసిన ఆడియో ఒకటి ఉన్నాయి. రెండూ కలపమన్నారు. ఇదెంత పని అనుకుని చకచకా కలిపేశా. మొదట్లో మాటా, పెదాల కదలికా చక్కగా కుదిరాయి. చివరికొచ్చేసరికి మాట ముందూ, పెదాలు వెనకా అయిపోయాయి. ఎందుకో నాకు అర్థం కాలేదు.

"ఈ క్లిప్ ఫ్రేమ్ రేట్ ఎంత?" అని అడిగారు.

"ఫుల్ హెచ్‌డీ సర్" అన్నా.

ఆయన నవ్వినా బాగుండేది. నవ్వలేదు. "అది రిజల్యూషన్. నేనడిగింది ఫ్రేమ్ రేట్" అని చెప్పి, "సరే, కబురు చేస్తాం" అన్నారు. కబురు రాలేదు.

ఆ తర్వాత వేరే చోట పనిలో కుదిరి, కింద నుంచి ఒక్కొక్కటీ నేర్చుకున్నా. ఇప్పుడు టెక్నాలజీ మీద నాలుగు ముక్కలు రాస్తున్నా. జూనియర్లు చాలామంది "అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుంది?" అని అడుగుతుంటారు. ఆ ప్రశ్నే తప్పని నా అభిప్రాయం. డిజిటల్ మీడియాలో ముందు నేర్చుకోవాల్సింది ఓ పాతిక మాటలు. ఆ తర్వాత ఉచితంగా దొరికే పనిముట్లు. డబ్బు కట్టి నేర్చుకునేది ఏదైనా ఉంటే అది అందరికంటే చివర. మనలో ఎక్కువ మంది దీన్ని తలకిందులుగా చేస్తున్నాం. అందుకు మూల్యం ఇంట్లోవాళ్లు కడుతున్నారు.

నా మాట ఊరికే నమ్మొద్దు. ఆ మాటల్లో కొన్నింటిని ఇక్కడే చూద్దాం. ఒక్కోటీ తెలియకపోతే పని ఎలా చెడిపోతుందో మీకే తెలుస్తుంది.

బొమ్మంటే చుక్కలే

స్క్రీన్ మీద కనిపించే ప్రతి బొమ్మా పిక్సెళ్లు అనే చుక్కల ముగ్గు. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. గుణిస్తే 20,73,600. మన ఇళ్లల్లో 4కె టీవీ అంటున్నది అడ్డంగా 3840, నిలువుగా 2160. అంటే 82,94,400 చుక్కలు, సరిగ్గా నాలుగు రెట్లు. ఇదీ రిజల్యూషన్ అంటే. నేను ఆరోజు తప్పు చోట చెప్పిన జవాబు.

వెడల్పుకీ ఎత్తుకీ ఉన్న నిష్పత్తి యాస్పెక్ట్ రేషియో. టీవీ, యూట్యూబ్ వీడియోలకి 16:9. ఫోన్‌లో నిలువుగా చూసే రీల్స్, షార్ట్స్‌కి 9:16. "అడ్డంగా తీసి తర్వాత నిలువుగా కట్ చేసుకుందాంలే" అని అందరూ అనుకుంటారు. లెక్క చూడండి. ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్‌లోంచి 9:16 ముక్క కోస్తే, 1920 చుక్కల వెడల్పులో మిగిలేది దాదాపు 608. మూడో వంతు కూడా కాదు. పెళ్లి వీడియోలో వధువు మిగులుతుంది, వరుడు ఫ్రేమ్ బయటికి పోతాడు! రెండు రకాలూ కావాలని ముందే తెలిస్తే 4కెలో తీయాలి, మనుషుల్ని మధ్యలో దగ్గర దగ్గరగా నిలబెట్టాలి. ఇది ఎడిటింగ్ టేబుల్ దగ్గర కాదు, షూటింగ్‌కి ముందే తేలాల్సిన విషయం.

ఇంకో జంట మాటలు: రాస్టర్, వెక్టర్. ఫొటో లాగా చుక్కలతో ఉన్నది రాస్టర్. పెద్దది చేస్తే పగులుతుంది. గీతల లెక్కల రూపంలో దాచుకున్నది వెక్టర్. విజిటింగ్ కార్డు మీదైనా, నలభై అడుగుల ఫ్లెక్సీ మీదైనా ఒకేలా ఉంటుంది. అందుకే లోగో ఎప్పుడూ వెక్టర్‌లోనే చేయాలి. క్లయింట్ వాట్సాప్‌లో పంపిన లోగో 300 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకోండి. నాణ్యమైన ప్రింట్‌కి అంగుళానికి 300 చుక్కలు కావాలి కాబట్టి, దాన్ని ఒక్క అంగుళం వెడల్పులోనే నీట్‌గా అచ్చువేయగలం. ఈ సంగతి చెప్పి, "సర్, ఒరిజినల్ ఫైల్‌ని డాక్యుమెంట్‌గా పంపండి" అని అడగగలిగితే మీకు పని తెలుసని ఆయనకి అప్పుడే అర్థమవుతుంది. మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వస్తుంది.

రంగుల సంగతీ అంతే. స్క్రీన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో రంగులు చూపిస్తుంది. అది ఆర్‌జీబీ. ప్రింటింగ్ ప్రెస్ సయాన్, మెజెంటా, పసుపు, నలుపు ఇంకులతో అచ్చువేస్తుంది. అది సీఎంవైకే. స్క్రీన్ మీద ధగధగలాడిన చిలకపచ్చ రంగు పోస్టర్ మీద వెలిసిపోయినట్టు రావడానికి కారణం ఇదే. ప్రెస్‌వాళ్లని తిట్టి లాభం లేదు.

ట్యూబ్‌లైటు చెప్పే పాఠం

సెకనుకి ఎన్ని బొమ్మలు కదులుతున్నాయో అదే ఫ్రేమ్ రేట్. సినిమాకి 24. మన దేశంలో టీవీకి 25. అమెరికాలో టీవీకి దాదాపు 30, కచ్చితంగా చెప్పాలంటే 29.97. ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? కరెంటు నుంచి. మన కరెంటు 50 హెర్ట్జ్, అక్కడ 60. పాత టీవీ వ్యవస్థలు ఆ లెక్క మీదే కట్టారు.

ఇది మ్యూజియంలో పెట్టాల్సిన చరిత్ర అనుకోకండి. మన ఇళ్లల్లో పాత ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్ స్పీడ్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి కెమెరా ఎంతసేపు వెలుగు తీసుకుంటుందన్నది. సెకనులో 60వ వంతు పెట్టి ట్యూబ్‌లైటు కింద తీస్తే వీడియోలో చారలు పాకుతున్నట్టు కనిపించొచ్చు. అదే 50వ వంతో, 100వ వంతో పెడితే ఆ సమస్య పోతుంది. క్లాస్‌రూమ్ వీడియోలో చారలు వస్తున్నాయని కెమెరా మార్చేసినవాళ్లని చూశా. మార్చాల్సింది ఒక్క అంకె!

ఇప్పుడు నా ఇంటర్వ్యూ దగ్గరికి వద్దాం. చాలా ఫోన్లు వీడియో తీసేటప్పుడు ఫ్రేమ్ రేట్‌ని నిలకడగా ఉంచవు. వెలుతురు తగ్గితేనో, ప్రాసెసర్ మీద భారం పెరిగితేనో కాస్త తగ్గిస్తాయి, మళ్లీ పెంచుతాయి. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. విడిగా రికార్డు చేసిన ఆడియో మాత్రం ఒకే వేగంతో నడుస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ వీడియోని కూడా నిలకడైన వేగంతో ఉన్నదే అనుకుంటే, నిమిషాలు గడిచేకొద్దీ రెండూ ఎడమవుతాయి. పరిష్కారం చిన్నదే. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ క్లిప్‌ని కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి మార్చి, తర్వాత ఎడిటింగ్‌కి తెచ్చుకోవాలి. రెండు క్లిక్‌ల పని. నేను మూడు నెలల కోర్సులో 40 రకాల ట్రాన్సిషన్లు నేర్చుకున్నా. ఈ రెండు క్లిక్‌లు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగడానికి ఆ మాట తెలిస్తే కదా!

ఎంపీ4 ఒక టిఫిన్ క్యారియర్

"సర్, ఏ ఫార్మాట్‌లో కావాలి?" "ఎంపీ4లో ఇవ్వమ్మా." రోజూ వినే సంభాషణే. కానీ దాంతో సగం సంగతి కూడా తేలదు. ఎంపీ4, ఎంవోవీ, ఎంకేవీ.. ఇవన్నీ కంటైనర్లు. టిఫిన్ క్యారియర్ లాంటివి. ఒక గిన్నెలో వీడియో, ఒక గిన్నెలో ఆడియో, ఇంకోదాంట్లో సబ్‌టైటిల్స్. గిన్నెలో ఏముందో క్యారియర్ చూసి చెప్పలేం. వీడియోని కుదించి సర్దే, మళ్లీ విప్పే పద్ధతి పేరు కోడెక్. హెచ్.264 ప్రమాణం 2003లో వచ్చింది. దాని తర్వాతి తరం హెచ్.265 2013లో, ఏవీ1 2018లో వచ్చాయి. మీరు పంపిన ఎంపీ4 క్లయింట్ పాత ల్యాప్‌టాప్‌లో మాట మాత్రమే వినిపించి బొమ్మ నల్లగా ఉందంటే, చాలాసార్లు కారణం లోపల హెచ్.265 ఉండటమే. డబ్బా ఒకటే, లోపలి వంట వేరు.

అసలు కుదించడం ఎందుకు? ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఇంజినీరింగ్ చదివినవాళ్లకి ఇది సరదాగా ఉంటుంది. ఫుల్ హెచ్‌డీలో ఒక ఫ్రేమ్‌కి 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్కకి మూడు రంగులకీ కలిపి 3 బైట్లు. సెకనుకి 25 ఫ్రేములు. మొత్తం సెకనుకి దాదాపు 155 మెగాబైట్లు. నిమిషానికి 9 జీబీ పైమాటే! అదే హెచ్.264లో సెకనుకి 10 మెగాబిట్ల చొప్పున ఇస్తే? 8 బిట్లు ఒక బైట్ కాబట్టి సెకనుకి 1.25 మెగాబైట్లు, నిమిషానికి 75 మెగాబైట్లు. అంటే 120 రెట్లకి పైగా తగ్గింది. ఈ "సెకనుకి ఇన్ని బిట్లు" అన్నదే బిట్ రేట్. బాగా తగ్గిస్తే బొమ్మ గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. అవసరానికి మించి పెంచితే ఫైల్ బరువెక్కుతుంది, అప్‌లోడ్ తెల్లారేదాకా సాగుతుంది. మీకు ఎన్ని నిమిషాల వీడియో, ఎంత సైజులో కావాలో చెబితే బిట్ రేట్ నోటి లెక్కతో చెప్పగలగాలి. ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న ఇది.

ఇంకొక్క సంగతి. హెచ్.264 అన్ని ఫ్రేములనీ పూర్తిగా దాచదు. అప్పుడప్పుడూ ఒక పూర్తి ఫ్రేమ్ పెట్టి, మధ్యలో ఏం మారిందో అదే రాసుకుంటుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. ఎడిటింగ్‌లో మాత్రం ముందుకీ వెనక్కీ జరిపినప్పుడల్లా కంప్యూటర్ మధ్య ఫ్రేములన్నీ మళ్లీ కట్టుకోవాలి. అందుకే మీ 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది. "కొత్త ల్యాప్‌టాప్ లేనిదే ఎడిటింగ్ రాదు" అని ఇంట్లో పోరు పెట్టకముందు ప్రాక్సీ అనే మాట నేర్చుకోండి. పెద్ద ఫైళ్లకి చిన్న నకళ్లు తయారుచేసి, వాటితో ఎడిట్ చేసి, చివర్లో ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు ఫైళ్లతో చేయడమే ప్రాక్సీ. కేడెన్‌లైవ్, షాట్‌కట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో కూడా ఈ సదుపాయం ఉంది.

చెవి క్షమించదు

బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా జనం చూస్తారు. మాట సరిగా వినపడకపోతే పది సెకన్లలో వేలితో పైకి తోసేస్తారు. అయినా మనవాళ్లు కెమెరా మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా శబ్దం మీద పెట్టరు.

మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. ఒక శబ్దాన్ని డిజిటల్‌గా పట్టుకోవాలంటే దానికి కనీసం రెట్టింపు సార్లు కొలవాలని మూడో ఏడాది సిగ్నల్స్ పేపర్లో చదివారు కదా. అదే శాంపిల్ రేట్. ఆడియో సీడీకి 44,100, వీడియో పనికి 48,000. పరీక్ష కోసం బట్టీ పట్టిన నైక్విస్ట్ సూత్రం ఇక్కడ అన్నం పెడుతుంది చూడండి.

రికార్డింగ్‌లో డెసిబెల్ మీటరు సున్నాని తాకితే ఇక పైన చోటు లేదు. అల తల తెగిపోతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. తెగిన తలని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతికించలేదు. అందుకే మాట మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర్లో ఉండేలా పెట్టుకుని రికార్డు చేయండి, తర్వాత పెంచుకోవచ్చు. ఫ్యాన్ ఆపేయండి. మాట మొదలుపెట్టే ముందు ఐదు సెకన్లు ఊరికే ఉండి గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. ఆడాసిటీలో నాయిస్ తగ్గించాలంటే ముందు ఆ గది చప్పుడు ఎలా ఉందో దానికి నమూనా చూపించాలి. ఆ ఐదు సెకన్లే ఆ నమూనా.

తెలుగు అక్షరం విరగకూడదు

ఇది ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో దొరకని పాఠం, మనకి మాత్రం రోజూ అవసరం. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో "స్త్రీ" అని కొడితే ఒత్తులు విడిపోయి ముక్కలు ముక్కలుగా వస్తుంది. తప్పు ఫాంట్‌ది అనుకుని వంద ఫాంట్లు మారుస్తారు. అడోబ్ ప్రీమియర్, ఫొటోషాప్ పాత వెర్షన్ల లాంటి వాటిలో టెక్స్ట్ ఇంజిన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. అది ఇంగ్లిష్ లాంటి లిపులకి పెట్టి ఉంటే మన గుణింతాలూ ఒత్తులూ సరిగా కూర్చోవు. దాన్ని దక్షిణాసియా లిపులకి పనికొచ్చేదానికి మార్చాలి. అంతే.

రెండోది యూనికోడ్. మన దగ్గర డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి అను ఫాంట్లతో పని నడుస్తోంది. అచ్చు పనికి అవి చేసిన మేలు తక్కువేం కాదు. కానీ అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. సెర్చ్‌లో దొరకదు, సబ్‌టైటిల్‌గా ఎక్కదు. వీడియోకి, వెబ్‌కి చేసే ప్రతి తెలుగు పనీ యూనికోడ్‌లోనే చేయండి. సబ్‌టైటిల్ ఫైల్‌ని యూటీఎఫ్-8గా సేవ్ చేయండి, లేకపోతే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఇంత చిన్న విషయం తెలిసినవాళ్లు తెలుగు ఛానెల్‌కో, ఏజెన్సీకో మొదటి రోజునుంచే ఉపయోగపడతారు.

పనిముట్లు.. పైసా ఖర్చు లేకుండా

ఇప్పుడు సాఫ్ట్‌వేర్ల పేర్లు చెబుతా. మాటలు తెలిశాక ఇవి ఎంతో సులువు.

ఫొటోలు, పోస్టర్లకి జింప్. లోగోలు, వెక్టర్ పనికి ఇంక్‌స్కేప్. చేత్తో బొమ్మలు వేసేవాళ్లకి క్రిటా. ఆడియోకి ఆడాసిటీ. స్క్రీన్ రికార్డింగ్‌కి, లైవ్‌కి ఓబీఎస్ స్టూడియో. ఓబీఎస్‌లో రికార్డింగ్ ఎంకేవీలో పెట్టుకోండి. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డయింది మిగులుతుంది. మామూలు ఎంపీ4 అయితే ఫైల్ మొత్తం పాడవ్వొచ్చు. తర్వాత ఓబీఎస్‌లోనే ఎంపీ4కి మార్చుకోవచ్చు. మళ్లీ చూశారా? కంటైనర్ అనే మాట తెలిస్తేనే ఈ జాగ్రత్త అర్థమవుతుంది.

వీడియో ఎడిటింగ్‌కి మామూలు ల్యాప్‌టాప్ ఉంటే కేడెన్‌లైవ్ లేదా షాట్‌కట్. గ్రాఫిక్స్ కార్డు ఉన్న మంచి సిస్టమ్ దొరికితే డావిన్సీ రిజాల్వ్. సినిమాలకి రంగులు దిద్దే ఖరీదైన యంత్రంగా మొదలైన దాని ఉచిత వెర్షన్ ఇప్పుడు ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఎడిటింగ్, కలర్, ఆడియో, వీఎఫ్ఎక్స్ నాలుగూ అందులోనే ఉన్నాయి.

త్రీడీకి బ్లెండర్. దీని కథ బాగుంటుంది. నెదర్లాండ్స్‌లో ఒక స్టూడియో సొంత అవసరానికి తయారుచేసుకున్న సాఫ్ట్‌వేర్ ఇది. 2002లో అది మూలన పడిపోయే పరిస్థితి వస్తే, వాడేవాళ్లే తలా కొంచెం వేసుకుని లక్ష యూరోలు పోగుచేసి, అందరికీ ఉచితంగా దొరికేలా చేశారు. గింట్స్ జిల్బలోడిస్ అనే లాత్వియా దర్శకుడు దాంతోనే తీసిన "ఫ్లో" సినిమాకి 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. "ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో ఏం వస్తుందిలే" అనేవాళ్లకి ఇంతకంటే జవాబు ఏముంటుంది?

పైసా కట్టలేక క్రాక్ వెర్షన్లు ఎక్కించుకునేవాళ్లకి ఒక మాట. "ముందు యాంటీవైరస్ ఆపేయండి" అని చెప్పే ఇన్‌స్టాలర్‌కి మీ ఇంటి తాళాలు ఇస్తున్నట్టే. తెలిసి పైరసీ సాఫ్ట్‌వేర్ వాడటం కాపీరైట్ చట్టంలోని 63బి సెక్షన్ కింద నేరం కూడా. శిక్ష జైలు దాకా ఉంది. ఇన్ని ఉచిత పనిముట్లు ఉండగా ఆ రిస్కు ఎందుకు?

"కానీ ప్రకటనల్లో ప్రీమియర్ అని ఉంటుంది కదా!"

ఉంటుంది. కాదనను. హైదరాబాద్‌లో చాలా ఉద్యోగ ప్రకటనల్లో అడోబ్ పేర్లే కనిపిస్తాయి. చాలా సంస్థల్లో పని వాటి మీదే నడుస్తుంది కాబట్టి చివరికి మీరూ అవి నేర్చుకోవాల్సిందే. నేను చెప్పేది వరస గురించి. టైమ్‌లైన్, కీఫ్రేమ్, లేయర్, మాస్క్, కోడెక్ తెలిసినవాడు ఒక ఎడిటర్ నుంచి ఇంకోదానికి మారడానికి రెండు మూడు వారాలు చాలు. నా విషయంలో అంతే పట్టింది. స్కూటీ నడపడం వచ్చాక బైకు గేర్లు అలవాటు చేసుకోవడం లాంటిది. ట్రాఫిక్ రూల్స్ మళ్లీ నేర్చుకోనక్కర్లేదు. అప్పుడు ఒక నెల సబ్‌స్క్రిప్షన్ తీసుకున్నా, ఏడు రోజుల ట్రయల్ పెట్టుకున్నా, ఆ రోజులన్నీ పనికొస్తాయి. ఏమీ తెలియకుండా డబ్బు కడితే ఆ నెలంతా మెనూలు వెతుక్కోవడంతోనే గడిచిపోతుంది.

"కృత్రిమ మేధ వచ్చాక ఇవన్నీ ఎవరికి కావాలి?" అని ఇంకో ప్రశ్న. అది క్లిప్ తయారుచేసి ఇస్తుంది, సబ్‌టైటిల్ రాస్తుంది, చప్పుడు తీసేస్తుంది. నేనూ వాడుతున్నా. అయితే 24 ఫ్రేముల క్లిప్‌ని 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో పడేసి కుదుపు వస్తుంటే, ఆ కుదుపు ఎందుకో చెప్పగల మనిషి ఇంకా కావాలి. మెనూల్లో బటన్ ఎక్కడుందో తెలిసినంత మాత్రాన దొరికే పని తగ్గుతోంది. ఏం తప్పు జరిగిందో పట్టుకునే పని తగ్గలేదు.

ఇన్‌స్టిట్యూట్లన్నీ దండగ అని కూడా అనను. ఇంటి దగ్గర కూర్చుంటే బద్ధకం వేస్తుంది. నలుగురితో కలిసి నేర్చుకుంటే ఊపొస్తుంది. మంచి సిస్టమ్ దొరుకుతుంది. నాకు ఇప్పటికీ పనులు పంపే స్నేహితుడు ఆ కోర్సులో పరిచయమైనవాడే. సీరియస్‌గా ఈ రంగమే అనుకుంటే, హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ లాంటి యూనివర్సిటీల్లో యానిమేషన్, ఫొటోగ్రఫీలకి డిగ్రీలే ఉన్నాయి. ఏదైనా సరే, ఫీజు కట్టే ముందు డెమో క్లాసులో మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, "ఫోన్ వీడియోకి విడి ఆడియో కలిపితే చివర్లో ఎందుకు ఎడమవుతుంది?" రెండు, "తెలుగు టెక్స్ట్ విరిగిపోకుండా ఏం చేయాలి?" మూడు, "పోయిన బ్యాచ్‌వాళ్లు సొంతంగా చేసిన ప్రాజెక్టులు చూపిస్తారా?" సూటిగా జవాబు చెబితే కట్టండి. "అవన్నీ అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో చెబుతాం" అంటే బ్యాగు తీసుకుని వచ్చేయండి. ఆ డబ్బు వెనక ఎవరి చిట్టీ ఉందో మీకు తెలుసు.

ఒక నెల ఇలా గడిపి చూడండి

మొదటి వారం: సాఫ్ట్‌వేర్ ఏదీ నేర్చుకోవద్దు. వీఎల్‌సీ ప్లేయర్‌లో ఏదైనా వీడియో పెట్టి కంట్రోల్, జె కలిపి నొక్కండి. కోడెక్, రిజల్యూషన్, ఫ్రేమ్ రేట్, శాంపిల్ రేట్ కనిపిస్తాయి. ఇంకా వివరంగా కావాలంటే మీడియాఇన్ఫో అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఫోన్ వీడియో, వాట్సాప్‌లో వచ్చింది, యూట్యూబ్‌కి మీరు చేసింది.. ఇలా ఓ పది ఫైళ్ల వివరాలు నోట్‌బుక్‌లో పట్టిక వేసుకోండి. తేడాలు మీకే కనిపిస్తాయి.

రెండో వారం: అమ్మమ్మనో, వీధి చివర టీ కొట్టు అంకుల్‌నో రెండు నిమిషాలు మాట్లాడించి ఆడియో మాత్రమే రికార్డు చేయండి. ఆడాసిటీలో శుభ్రం చేయండి.

మూడో వారం: అదే మనిషిని వీడియో తీయండి. మాటకీ బొమ్మకీ పొత్తు కుదర్చండి. తెలుగు సబ్‌టైటిల్స్ వేయండి. అడ్డం వెర్షన్ ఒకటి, నిలువు వెర్షన్ ఒకటి చేయండి. పాట పెట్టాలంటే సినిమా పాట వద్దు, వాడుకోవడానికి లైసెన్స్ ఉన్న సంగీతమే వెతకండి.

నాలుగో వారం: అదే వీడియోని మూడు బిట్ రేట్లలో ఎక్స్‌పోర్ట్ చేసి, సైజులు పోల్చి, ఏది ఎందుకు ఎంచుకున్నారో అరపేజీ రాయండి. ఆ వీడియో, ఆ అరపేజీ కలిపి మీ పోర్ట్‌ఫోలియోలో మొదటి పేజీ. ఎక్కడైనా ఆగిపోతే ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ సైట్‌లో జింప్, ఇంక్‌స్కేప్, బ్లెండర్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి.

మొన్నామధ్య మా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకునేటప్పుడు నేను బల్లకి ఇవతలి వైపు కూర్చున్నా. ఒక అమ్మాయి వచ్చింది. డిగ్రీ కాలేజీ, బీకాం. రెజ్యూమేలో రెండే సాఫ్ట్‌వేర్లు, రెండూ ఉచితమైనవే. అదే పాత పరీక్ష పెట్టా: ఫోన్ వీడియో, విడి ఆడియో. ఆ అమ్మాయి ఎడిటర్ తెరవకుండా ముందు ఫైల్ వివరాలు చూసి, "సర్, ఇది వేరియబుల్‌లో ఉంది. మార్చుకుని మొదలుపెట్టొచ్చా?" అని అడిగింది.

ఆ ఒక్క ప్రశ్నతోనే నా పని అయిపోయింది. మిగతా ఇంటర్వ్యూ అంతా జీతం ఎంత, ఎప్పుడు చేరతావు అన్నదాని మీదే నడిచింది.